రైలు ఔటర్లో ఎందుకు ఆగుతుంది: సికింద్రాబాద్ జంక్షన్ సిమ్యులేషన్ కేస్ స్టడీ

కాజీపేట వైపు నుంచి వచ్చే రైలు మౌలాలి దాటాక ఆగిపోవడం హైదరాబాద్ ప్రయాణికులకు బాగా అలవాటైన విషయం. సామాన్లు దించుకుని, పిల్లల్ని లేపి, తలుపు దగ్గర నిలబడతారు. బండి మాత్రం కదలదు. "ఔటర్లో పెట్టేశాడు, ప్లాట్‌ఫాం ఖాళీ లేదేమో" అని ఎవరో ఒకరు అంటారు. ఔటర్ అంటే స్టేషన్ బయట, లోపలికి రావడానికి సిగ్నల్ కోసం బండి ఆగే చోటు. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకుందామని మేం సికింద్రాబాద్ జంక్షన్‌కు కంప్యూటర్లో ఒక మోడల్ కట్టాం. రైళ్ల నడకను సిమ్యులేట్ చేయడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఇంజినీర్లకూ, రైల్వే మీద ఆసక్తి ఉన్న మామూలు పాఠకులకూ పనికొస్తుందని దీన్ని వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. రైల్వే లోపలి పత్రాలేవీ మేం వాడలేదు. అందరికీ దొరికే టైంటేబుల్, లైన్ల అమరిక, సిగ్నలింగ్ నియమాలు, కోచ్‌ల కొలతలు, వీటితోనే పని నడిచింది. యార్డు కొలతలు కొన్ని మేం అనుకున్నవి. కింద అంకెలు వచ్చిన ప్రతిచోటా లెక్క ఎలా వచ్చిందో చెబుతాను, మీరూ కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

స్టేషన్ స్వరూపం

1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి వచ్చిన లైనుతో మొదలైన స్టేషన్ ఇది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దానికి కేంద్రమైంది. ఇప్పుడు పది ప్లాట్‌ఫాంలున్నాయి. పడమటి చివర నుంచి లైన్లు జేమ్స్ స్ట్రీట్ మీదుగా వెళ్తాయి. అవి ముందుకెళ్లాక హుస్సేన్‌సాగర్ దగ్గర నాంపల్లి వైపు, బేగంపేట మీదుగా లింగంపల్లి వైపు చీలతాయి. తూర్పు చివర కథ వేరు. అక్కడ మూడు దిక్కులు కలుస్తాయి: మౌలాలి మీదుగా కాజీపేట, మల్కాజిగిరి మీదుగా మేడ్చల్, నిజామాబాద్, సీతాఫల్‌మండి మీదుగా కాచిగూడ, ఫలక్‌నుమా. ఈ దూరప్రయాణపు బండ్ల మధ్యనే 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు కూడా లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా ఇదే యార్డులోంచి దూరి వెళ్లాలి.

ఈ అమరికలో ఒక చిక్కుంది. కాచిగూడ వైపు నుంచి వచ్చే లైనూ, కాజీపేట వైపు వెళ్లే లైనూ రెండూ తూర్పు చివరనే ఉన్నాయి. కాబట్టి కాచిగూడ నుంచి సికింద్రాబాద్ వచ్చి కాజీపేట వెళ్లాల్సిన బండి వచ్చిన చివర నుంచే మళ్లీ బయటికి పోవాలి. ఇంజిన్ ఒక కొస నుంచి ఊడదీసి రెండో కొసన తగిలించాలి. ప్రయాణికుడికి అది కాస్త ఎక్కువ సేపు ఆగిన స్టాపులా కనిపిస్తుంది. యార్డుకు మాత్రం అది అదనపు షంటింగ్, తూర్పు చివర మీద అదనపు భారం.

ప్లాట్‌ఫాం లైన్లన్నీ కుంచించుకుపోయి మెయిన్ లైన్లలో కలిసే ఆ చోటును రైల్వేవాళ్లు త్రోట్ అంటారు. మా మోడల్ చివరికి చెప్పిందంతా ఈ త్రోట్ గురించే.

ఒక్క రైలు, ఒక్క రూటు

మోడల్ కట్టేటప్పుడు ఎక్కువ కాలం పట్టింది రూటు, అంటే యార్డులో ఒక బండికి కేటాయించే దారి, అనే చిన్న విషయాన్ని సరిగ్గా రాయడానికి. అందుకే దాన్ని దగ్గర నుంచి చూపిస్తాను.

24 ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) కోచ్‌ల బండి ఒకటి హోమ్ సిగ్నల్, అంటే స్టేషన్‌లోకి అనుమతించే సిగ్నల్, దగ్గరికి వస్తోందనుకోండి. కోచ్ ఒక్కొక్కటి దాదాపు 24 మీటర్లు. అంటే 576 మీటర్లు. ముందున్న డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ మరో 20 మీటర్ల పైచిలుకు. మొత్తం 600 మీటర్ల బండి అనుకోవచ్చు. స్టేషన్ మాస్టరు ప్యానెల్ మీద రూటు అడుగుతాడు. దారిలోని పాయింట్లు, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు, ఒక్కొక్కటీ తిరుగుతాయి, తిరిగాయని రుజువవుతుంది, లాక్ పడుతుంది. బండి ఆగాల్సిన సిగ్నల్ అవతల 120 మీటర్ల ఓవర్‌ల్యాప్, అంటే బండి పొరపాటున సిగ్నల్ దాటినా ప్రమాదం లేకుండా ఉంచే జాగా, కూడా ఖాళీగా ఉండాలి. అప్పుడు గానీ సిగ్నల్ పడదు. లోకో పైలట్ సిగ్నల్ చూసి బండి కదిలిస్తాడు. ఆగి ఉన్న బండైతే బ్రేకులు వదిలి, అంత పొడవు కదలికలోకి రావడానికి ఇంకొంత సమయం పోతుంది.

ఇప్పుడు లెక్క. త్రోట్ పొడవు 400 మీటర్లు అనుకుందాం. బండి తల త్రోట్‌లోకి దూరిన క్షణం నుంచి తోక బయటపడే దాకా బండి నడవాల్సింది 600 ప్లస్ 400, అంటే ఒక కిలోమీటరు. పాత 1:8.5 పాయింట్ల (ఆ అంకె లైను ఎంత వంపుగా చీలుతుందో చెబుతుంది) మీద సాధారణంగా అనుమతించే వేగం గంటకు 15 కిలోమీటర్లు. ఆ వేగంతో కిలోమీటరుకు 4 నిమిషాలు. రూటు వేయడానికి, సిగ్నల్ చూసి కదలడానికి, రూటు విడుదలవడానికి ఇంకో నిమిషం కలపండి. ఒక్క కదలికకు 5 నిమిషాలు. ఆ 5 నిమిషాలూ ఆ దారిని కోసుకుపోయే వేరే ఏ బండికీ సిగ్నల్ పడదు.

ఇదే లెక్కలో 12 కార్ల ఎంఎంటీఎస్ రేక్‌ను, అంటే ఒకటిగా తగిలించిన పెట్టెల వరసను, పెట్టి చూడండి. పొడవు సుమారు 260 మీటర్లు. 660 మీటర్లు అదే వేగంతో వెళ్తే 2 నిమిషాల 40 సెకన్లకు దాటేస్తుంది. 16 కోచ్‌ల వందే భారత్ 384 మీటర్లు, దానికి 3 నిమిషాల పైచిలుకు. పొట్టి బండి తక్కువ అడ్డు. అయినా సిగ్నల్ దగ్గర ఎక్కువసార్లు ఆగేది లోకలే, ఎందుకంటే మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండికి ముందు దారి ఇవ్వడం వాడుక. రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషి పోగొట్టుకునే పది నిమిషాలు ఏ పట్టికలోనూ పెద్ద అంకెగా కనిపించవు. మోడల్లో మేం రైళ్ల ఆలస్యంతో పాటు ప్రయాణికుల సంఖ్యతో గుణించిన ఆలస్యాన్ని కూడా విడిగా లెక్కించుకునేలా రాసుకున్నది అందుకే.

ఇంకో సూక్ష్మం. రూటు మొత్తం ఒకేసారి విడుదలవుతుందా, లేక బండి తోక దాటిన ముక్క దాటినట్టే విడుదలవుతుందా అన్నది ఫలితాన్ని బాగా మార్చేస్తుంది. ముక్కలుగా విడుదలైతే, తోక మొదటి పాయింట్లు దాటగానే వెనక వేరే బండికి రూటు వేయడం మొదలుపెట్టొచ్చు. అందుకని మోడల్లో ప్రతి ట్రాక్ సర్క్యూట్‌నూ (తన మీద బండి ఉందో లేదో కరెంటుతో కనిపెట్టే పట్టాల ముక్క), ప్రతి జత పాయింట్లనూ విడివిడి వనరులుగా పెట్టాం. బండి వాటిని ఒక్కసారిగా పట్టుకుంటుంది, ఒక్కొక్కటిగా వదులుతుంది. ఏ రూటు దేనితో కలిసి పడొచ్చు, దేనితో పడకూడదు అన్నదానికి కంట్రోల్ టేబుల్ తరహాలో ఒక పట్టిక రాసుకున్నాం. మోడల్ ప్రాణం ఆ పట్టికే. గ్రాఫిక్స్ ఎంత అందంగా ఉన్నా ఆ పట్టిక తప్పితే మిగతాదంతా వట్టి బొమ్మలాటే.

పనిముట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్‌లో పుట్టిన ఓపెన్‌ట్రాక్, జర్మనీ నుంచి వచ్చిన రైల్‌సిస్ ఈ రంగంలో పేరున్నవి. ఫ్రాన్స్ రైల్వే ఓఎస్ఆర్‌డీ అనే ఓపెన్ సోర్స్ పరికరాన్ని తయారు చేస్తోంది. మేం మాత్రం పైథాన్‌లో సింపై లైబ్రరీతో సొంతంగా రాసుకున్నాం. ఒక్క స్టేషన్‌కు అది చాలు. పైగా ప్రతి నియమం మన చేతుల మీదుగానే రాస్తాం కాబట్టి ఏది ఎందుకు జరిగిందో తెలుస్తుంది.

బండ్లను లెక్కపెట్టొద్దు, కదలికలను లెక్కపెట్టండి

స్టేషన్ రద్దీ గురించి మాట్లాడేటప్పుడు అందరూ రోజుకు ఎన్ని బండ్లు అని అడుగుతారు. యార్డుకు ఆ అంకెతో పెద్దగా పనిలేదు. నాంపల్లి నుంచి వచ్చి కాజీపేట వైపు సాగిపోయే బండి పడమటి త్రోట్‌ను ఒకసారి, తూర్పు త్రోట్‌ను ఒకసారి వాడుకుంటుంది. ఒక్కో చివర 5 నిమిషాలు.

సికింద్రాబాద్‌లోనే ముగిసి, మళ్లీ సికింద్రాబాద్ నుంచే బయల్దేరే బండిని చూడండి. బండి వస్తుంది, అది ఒక కదలిక. ఇంజిన్ ఊడి పక్కకు పోతుంది, అది రెండోది. ఖాళీ రేక్‌ను కడిగి, పరీక్షించే పిట్ లైనుకు లాగుతారు, అది మూడు. కడిగి, పరీక్షించాక రేక్‌ను మళ్లీ ప్లాట్‌ఫాం మీద పెడతారు, అది నాలుగు. ఇంజిన్ వచ్చి తగులుతుంది, అది ఐదు. బండి బయల్దేరుతుంది, అది ఆరు. లైట్ ఇంజిన్‌కు (కోచ్‌లు లేకుండా ఒంటిగా పోయే ఇంజిన్) రెండున్నర నిమిషాలు, రేక్‌తో ఉన్న కదలికకు 5 నిమిషాలు వేసుకుంటే నాలుగు పెద్ద కదలికలకు 20, రెండు చిన్నవాటికి 5, మొత్తం 25 నిమిషాలు. పిట్ లైనూ, బండి వెళ్లే దిక్కూ ఒకే చివరన ఉంటే ఆ 25 నిమిషాలూ ఒకే త్రోట్ మీద పడతాయి. రెండు చివరలకూ పంచుకుంటే కొంత నయం.

టైంటేబుల్లో రెండూ ఒక్కో వరసే. యార్డు దృష్టిలో రెండోది మొదటిదానికి రెండున్నర రెట్లు బరువు. దానికి తోడు, బయల్దేరే బండి ప్రయాణికులు ఎక్కడానికి అరగంటో ముప్పావుగంటో ముందే ప్లాట్‌ఫాం మీద నిలబడాలి. వందే భారత్ లాంటి రేక్‌కు రెండు చివరలా డ్రైవర్ క్యాబ్ ఉండటం వల్ల ఇంజిన్ కదలికలు రెండూ తప్పిపోతాయి. యార్డు నడిపేవాళ్ల కోణంలో దాని అసలు గొప్ప వేగం కన్నా ఇదేనని నా అభిప్రాయం.

నిరీక్షణ ఎలా పేరుకుంటుంది

త్రోట్‌లో ఒకసారికి ఒకే కదలిక సాగుతుందని, కదలికకు 5 నిమిషాలని అనుకుందాం. గంటకు 12 కదలికలు గరిష్ఠం. బండ్లు టైంటేబుల్ ప్రకారం కాకుండా, ఆలస్యాల వల్ల ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే క్యూ సిద్ధాంతం ఇచ్చే సగటు నిరీక్షణ ఇలా ఉంటుంది. గంటకు 6 కదలికలైతే రెండున్నర నిమిషాలు. 9 అయితే ఏడున్నర నిమిషాలు. 11 అయితే ఇరవై ఏడున్నర నిమిషాలు.

తొమ్మిదికీ పదకొండుకూ తేడా రెండే కదలికలు. నిరీక్షణ మాత్రం దాదాపు నాలుగు రెట్లు. పండగ రోజుల్లో స్పెషల్ బండి ఒకటి వేస్తే అన్ని బండ్లూ ఎందుకు అంత ఆలస్యమవుతాయో ఈ మూడు అంకెల్లోనే ఉంది. సంక్రాంతికి వేసే ఒక్క స్పెషల్ సికింద్రాబాద్ నుంచే బయల్దేరేదైతే అది తెచ్చేది ఒక కదలిక కాదు, మూడు, మళ్లీ తిరిగొచ్చినప్పుడు ఇంకో మూడు. అంతర్జాతీయ రైల్వే సంఘం యూఐసీ తన 406వ కోడ్‌లో రకరకాల బండ్లు కలిసి నడిచే లైన్లకు రద్దీ గంటలో 75 శాతం, రోజు మొత్తం మీద 60 శాతం దాటి నింపొద్దని సూచించింది. పైన గంటకు 9 కదలికలంటే సరిగ్గా 75 శాతమే.

నిజమైన త్రోట్‌లో రెండు మూడు కదలికలు పక్కపక్కనే సాగగలవు. అవి సాగుతాయా లేదా అన్నది ఏ బండిని ఏ ప్లాట్‌ఫాం మీద పెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. ఒక దిక్కుకు వెళ్లే బండిని ఆ దిక్కు లైన్లకు దగ్గరి ప్లాట్‌ఫాం మీద పెడితే మిగతావాటికి అడ్డం రాదు. దూరపు ప్లాట్‌ఫాం మీద పెడితే మధ్యలోని దారులన్నీ కోసుకుంటూ పోతుంది.

ప్రయోగాలు

మొదట ఆలస్యాలేవీ లేకుండా నడిపాం. అన్నీ సజావుగా సాగాయి. ఏ టైంటేబుల్ అయినా అలాగే సాగుతుంది, ఎందుకంటే దాన్ని తయారు చేసిందే అలా సాగేలా. తర్వాత వచ్చే ప్రతి బండికీ కొంత యాదృచ్ఛిక ఆలస్యం కలిపాం. ఎక్కువ బండ్లకు కొద్దిగా, కొన్నింటికి బాగా. స్టేషన్‌లో ఆగే సమయాన్ని కూడా స్థిరంగా ఉంచలేదు. పెట్టెలూ, బియ్యం మూటలూ, ముసలివాళ్లూ ఎక్కేటప్పుడు టైంటేబుల్ స్టాపు టైం ఎలాగూ నిలబడదు. ముందుగా కిక్కిరిసింది తూర్పు త్రోట్. మూడు దిక్కుల బండ్లు అక్కడ కలుస్తాయి కాబట్టి అది ఊహించిందే. ఆశ్చర్యపరిచింది ఇంకోటి: తూర్పున బండ్లు నిలిచిన అనేక సందర్భాల్లో ఒకటో రెండో ప్లాట్‌ఫాంలు ఖాళీగానే ఉన్నాయి. అక్కడికి చేరే దారి ఖాళీగా లేదంతే.

అప్పుడు మోడల్లో పదకొండో ప్లాట్‌ఫాం కట్టి చూశాం. ఔటర్లో ఆగడం తగ్గింది, ప్లాట్‌ఫాం నుంచి బయల్దేరడానికి అనుమతించే స్టార్టర్ సిగ్నల్ దగ్గర ఆగడం పెరిగింది. నిరీక్షణ బయటి నుంచి లోపలికి మారింది, మొత్తం ఆలస్యం పెద్దగా కదల్లేదు. దిగేవాళ్లకు అది కొంత ఊరటే, కాదనను. ముందుకు వెళ్లాల్సినవాళ్లకు ఏమీ మిగల్లేదు.

తర్వాత పాయింట్లను 1:12కి మార్చి, త్రోట్‌లో వేగం 30 కిలోమీటర్లు చేశాం. కిలోమీటరుకు 4 నిమిషాల బదులు 2 నిమిషాలు. అదనపు నిమిషంతో కదలిక 3 నిమిషాలు. పైన చెప్పిన ఒంటిదారి లెక్కలోనే గంటకు 11 కదలికలు పెడితే వినియోగం 55 శాతానికి, సగటు నిరీక్షణ రెండు నిమిషాల లోపుకు దిగుతుంది. ఆగిన బండి వేగం అందుకునేసరికి కొంత సమయం పోతుంది కాబట్టి పూర్తి మోడల్లో లాభం ఇంతకన్నా తక్కువే వచ్చింది. అయినా కొత్త ప్లాట్‌ఫాం కన్నా స్పష్టంగా ఎక్కువ. చిక్కేమిటంటే 1:12 పాయింట్లకు పొడవు ఎక్కువ కావాలి. రెండు వైపులా ఊరు కమ్ముకున్న యార్డులో ఆ జాగా దొరకడం కష్టం.

చివరగా ఇక్కడ ముగిసే బండ్లను వేరేచోటికి పంపాం. ఇది ఊహ మాత్రమే కాదు. సుమారు 413 కోట్ల రూపాయలతో కట్టిన చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. అంతకు ముందు 2024 మార్చిలో సనత్‌నగర్ – మౌలాలి డబ్లింగ్, విద్యుదీకరణ అందుబాటులోకి వచ్చాయి. దాంతో లింగంపల్లి వైపు బండి సికింద్రాబాద్ ముఖం చూడకుండానే కాజీపేట వైపు పోవచ్చు. మోడల్లో అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఇదే. ఇక్కడ ముగిసి, ఇక్కడి నుంచే బయల్దేరే బండ్ల జత ఒకటి పంపిస్తే 25 నిమిషాల త్రోట్ సమయం తిరిగొస్తుంది, సాగిపోయే బండిని మళ్లిస్తే రెండు చివరలూ కలిపి 10 నిమిషాలే. కాబట్టి ముందు మళ్లించాల్సింది ఇక్కడ పుట్టి ఇక్కడ ముగిసేవాటినే. అయితే చర్లపల్లి నుంచి అర్ధరాత్రి ఇల్లు చేరడానికి బస్సో లోకలో లేకపోతే రైలు మిగిల్చిన సమయం రోడ్డు మీద ఖర్చయిపోతుంది. ఆ ఖర్చు మా మోడల్లో లేదు. చర్లపల్లికి ఎంఎంటీఎస్ బండ్లు పెంచడాన్ని టెర్మినల్లో భాగంగా చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

బండ్లన్నీ బిగుసుకుపోయిన వేళ

సిమ్యులేషన్ మొదటి రూపాల్లో అప్పుడప్పుడూ స్టేషన్ మొత్తం స్తంభించేది. గడియారం తిరుగుతుంది, ఒక్క బండీ కదలదు. లాగ్ చూస్తే అసలు సంగతి తెలిసింది. ప్లాట్‌ఫాంలన్నీ నిండాయి. వాటి మీద ముగిసిన బండ్ల ఖాళీ రేక్‌లు పిట్ లైనుకు పోవాలి. పిట్ లైన్లూ నిండాయి. అక్కడి రేక్‌లు బయల్దేరడానికి ప్లాట్‌ఫాంలు కావాలి. ఒకరి చోటు కోసం ఒకరు చూస్తూ కూర్చున్నారు.

ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టరు గారికి ఈ లాగ్ చూపించాం. ఆయన చెప్పిందేమిటంటే, అనుభవం ఉన్నవాడెవడూ చివరి లైను నింపడట. ఔటర్లో బండి నిలబడి ఉన్నా సరే, తిట్లు పడుతున్నా సరే, ఒక లైను చేతిలో పెట్టుకుంటారట. దాన్నే నియమంగా రాశాం: ఒక రాకను ఒప్పుకునే ముందు, దాని తర్వాత కూడా ఏదో ఒక రేక్ కదలగలిగే దారి మిగులుతుందా అని చూడాలి. బిగుసుకుపోవడం ఆగిపోయింది. కంప్యూటర్ శాస్త్రంలో ఇలాంటి ముందుచూపు తనిఖీకి బ్యాంకర్స్ అల్గారిథం అని పేరుంది. ప్లాట్‌ఫాం ఖాళీగా కనిపిస్తూనే బండిని ఔటర్లో ఆపడానికి ఇది కూడా ఒక కారణం. ప్రయాణికుడికి నిర్లక్ష్యంలా కనిపించే ఆ ఖాళీ లైనే మిగతా బండ్లను కదలనిస్తోంది.

అంచనాలు బయటపెట్టడం

స్టేషన్ సిమ్యులేషన్ మీద ప్రజల్లో పెద్ద చర్చ జరిగిన ఉదాహరణ జర్మనీలోని స్టుట్‌గార్ట్. 16 లైన్ల పాత టెర్మినస్‌ను తీసేసి భూగర్భంలో 8 లైన్ల స్టేషన్ కట్టాలన్నది పథకం. వ్యతిరేకత తీవ్రమయ్యాక మధ్యవర్తిత్వం జరిగింది. 2010 నవంబరులో వచ్చిన తీర్పు ప్రకారం ఉదయం 7 నుంచి 8 గంటల మధ్య 30 శాతం ఎక్కువ బండ్లు, అంటే 49 బండ్లు, కొత్త స్టేషన్ నడపగలదని సిమ్యులేషన్‌తో నిరూపించాలి. జర్మన్ రైల్వే రైల్‌సిస్‌తో ఆ పరీక్ష చేసింది, జ్యూరిక్‌కు చెందిన ఎస్ఎంఏ సంస్థ దాన్ని తనిఖీ చేసింది. 2011 జులైలో ఫలితాలు బహిరంగంగా చర్చకొచ్చాయి. పరీక్ష పాసైందన్నారు. గొడవ మాత్రం ఆగలేదు, ఎందుకంటే వివాదం సాఫ్ట్‌వేర్ మీద కాదు. బండి ఎంతసేపు ఆగుతుందని అనుకున్నారు, ఎంత ఆలస్యాన్ని మామూలుగా తీసుకున్నారు అన్నదాని మీద. స్టాపు టైం కొద్దిగా తగ్గించి రాసినా స్టేషన్ సామర్థ్యం కాగితం మీద పెరిగిపోతుంది.

సికింద్రాబాద్‌లో 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగిన సుమారు 720 కోట్ల రూపాయల పునర్నిర్మాణంలో భవనం, పైకప్పు, కాంకోర్స్ బొమ్మలు అందరం చూశాం. యార్డు మీద చేసిన లెక్కలు, వాటి వెనక అంచనాలు కూడా అలాగే జనం ముందుకు వస్తే ఎంత బాగుండును.

ఇంకా చేయాల్సింది

మా మోడల్లో గూడ్స్ బండ్లు సరిగ్గా లేవు, లోకో పైలట్ల డ్యూటీ గంటలు అసలే లేవు. అన్నింటికన్నా పెద్ద లోటు డేటా లాగర్ రికార్డులు. ప్రతి సిగ్నల్ ఎప్పుడు పడిందో, ప్రతి పాయింటు ఎప్పుడు తిరిగిందో సెకన్లతో సహా స్టేషన్లలోని డేటా లాగర్లు నమోదు చేస్తాయి. బయటి యాప్‌లు బండి వచ్చిన నిమిషం చెబుతాయి గానీ త్రోట్‌లో గడిపిన సెకన్లు చెప్పవు. ఒక్క వారం రికార్డు ఉన్నా మేం అనుకున్న 400 మీటర్లనూ, ఆ అదనపు నిమిషాన్నీ అసలు కొలతలతో మార్చేయొచ్చు. ఈలోగా అదే కోడ్‌తో కాచిగూడ మొదలుపెట్టాం. సీతాఫల్‌మండి దగ్గర లోకల్ బండ్లు నిలిచిపోవడానికి కారణం అక్కడే ఉందా, సికింద్రాబాద్ తూర్పు త్రోట్‌లో ఉందా అన్నది రెండు స్టేషన్లనూ కలిపి నడిపితే తప్ప తేలదు.